తొలి ఇంటికి గజం ధర కాదు, నెల ఖర్చు చూడండి

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఉద్యోగం చేసుకుంటున్న కొడుక్కో కూతురికో మొదటి ఇల్లు కొనడంలో చేయూతనిద్దామనుకునే ప్రవాస తల్లిదండ్రులు ముందుగా అడిగే మాట ఒకటే: ‘భోగాపురం దగ్గర గజం ఎంత పలుకుతోంది?’ విమానాశ్రయం పేరు వినగానే అందరి చూపూ అటే పోతోంది. జవాబు చెప్పేవాళ్లకూ కొదవ లేదు. ఫోనులో రంగురంగుల లే అవుట్ బొమ్మలు వచ్చి పడుతుంటాయి. పిల్లవాడు పని చేసేది ఎక్కడ, ఏ షిఫ్టు, ఎలా వెళ్తాడు, కోడలి ఉద్యోగం ఏ ఊళ్లో అన్న ప్రశ్నలు మాత్రం అడ్వాన్సు ఇచ్చేశాక గుర్తుకొస్తాయి. ఈ వరస తిరగబడితే తప్ప మనం చేసే సాయం పిల్లలకు సాయంగా మిగలదని మా గట్టి అభిప్రాయం.

ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. స్థలం వేరు, ఇల్లు వేరు. 15 లక్షలు అప్పు చేసి స్థలం కొన్నారనుకుందాం. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువైతే లక్షకు నెలవాయిదా సుమారు 868 రూపాయలు, అంటే 15 లక్షలకు 13,000 పైమాటే. స్థలం అప్పుకు బ్యాంకులు గడువు తక్కువ ఇస్తాయి కాబట్టి అసలు వాయిదా ఇంకా ఎక్కువే ఉంటుంది. దాని పక్కన ఇంటద్దె 8,000 వేసుకోండి. నెలకు 21,000 పోతున్నా తల మీద సొంత కప్పు లేదు. అదే 21,000తో 24 లక్షల ఇంటి అప్పు వాయిదా కట్టుకోవచ్చు. ధర పెరుగుతుందన్న ఆశతో స్థలం కొనుక్కోవాలనుకుంటే తల్లిదండ్రులు తమ డబ్బుతో, తమ పేరున కొనుక్కోవచ్చు. అందులో తప్పేమీ లేదు. దాన్ని పిల్లల తొలి ఇల్లు అని పిలిచి ఆ వాయిదా వాళ్ల జీతానికి తగిలించడమే అన్యాయం.

చవక ప్రాంతం అనగానే ఊరికి దూరంగా ఉండేదే గుర్తొస్తుంది. ఆ దూరానికీ నెల ఖర్చు ఉంది. రానూపోనూ రోజుకు 60 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు బండి మీద తిరిగితే 1,500 కిలోమీటర్లు. లీటరుకు 48 కిలోమీటర్లు ఇచ్చే బండికి 31 లీటర్ల పైన పెట్రోలు కావాలి. లీటరు 110 రూపాయల లెక్కన 3,400 దాటుతుంది. సర్వీసింగు, టైర్లు కలిపితే నెలకు 4,000 అనుకోవచ్చు. పై లెక్క ప్రకారం 4,000 అంటే 4 లక్షల 60 వేల అప్పుకు కట్టే వాయిదాతో సమానం. కాబట్టి పని చేసే చోటికి దగ్గరలో ఉన్న ఇల్లు నాలుగున్నర లక్షలు ఎక్కువైనా, దూరపు ఇంటికంటే అది ఖరీదైనదేమీ కాదు. పైగా పెట్రోలు ధర మన చేతిలో ఉండదు. చీకట్లో హైవే మీద బండి నడిపే ప్రమాదాన్ని ఏ లెక్కలో వేస్తాం?

ఈ లెక్క చేతిలో పెట్టుకుని చూస్తే ఒక్కో ప్రాంతం ఒక్కోలా కనిపిస్తుంది. ఉద్యోగం విశాఖలో అయితే విజయనగరానికీ కొత్తవలసకూ రైలే పెద్ద అండ. విజయనగరం నుంచి విశాఖకు రైలు దారి 60 కిలోమీటర్ల పైచిలుకు. కోరుకొండ, అలమండ, కంటకాపల్లి దాటి కొత్తవలస చేరేసరికే సగం దూరం పైగా అయిపోతుంది. అందుకే కొత్తవలసలో స్థలం ధర కాస్త ఎక్కువగా కనిపించినా నెల ఖర్చులో అది కలిసొస్తుంది. అయితే రైలును నమ్ముకుని ఇల్లు కొనేవారు స్టేషను ఎంత దగ్గరో చూసి ఊరుకోకూడదు. డ్యూటీ వేళకు చేర్చే బండి ఏది, దాని తర్వాతది ఎన్నింటికి, రాత్రి షిఫ్టు దిగాక తిరిగి రావడానికి ఏముంది అని కాగితం మీద రాసుకోవాలి. మొదటి బండి తప్పితే రెండోది గంటన్నర తర్వాత అయితే ఆ ఊరు ఆ ఉద్యోగానికి సరిపోదు. రైల్వే గేటు సంగతీ చూడాలి. కొత్తవలస కిరండూల్ లైను కలిసే జంక్షన్. గూడ్సు బళ్లు వరసగా వెళ్తుంటే గేటు దగ్గర ఎంతసేపు నిలబడాలో చెప్పలేం. స్టేషను, బడి, ఆసుపత్రి గేటుకు ఒక పక్కా, ఇల్లు మరో పక్కా ఉంటే కిందినుంచో పైనుంచో వేరే దారి ఉందేమో కనుక్కోవాలి.

శ్రీకాకుళం పట్టణానికి ఈ రైలు లెక్క పనికిరాదు. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో, పట్టణానికి పది కిలోమీటర్ల పైన. విశాఖకు రోజూ వెళ్లి రావడానికి శ్రీకాకుళం చాలా దూరం. నాన్‌స్టాప్ బస్సులున్నాయి కదా అని ధైర్యపడి కొన్నవాళ్లు చివరికి విశాఖలో గది అద్దెకు తీసుకోవలసి వస్తుంది. పట్టణంలోనే ఉద్యోగం అయినవారికి, ఎచ్చెర్లలో యూనివర్సిటీలోనో రణస్థలం, పైడిభీమవరం పరిశ్రమల్లోనో పని చేసేవారికి మాత్రం శ్రీకాకుళం చక్కగా సరిపోతుంది. పరిశ్రమల ఉద్యోగికి ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: కంపెనీ బస్సు ఏ మలుపులో ఆగుతుంది? దానికి నడిచి చేరగలిగే దూరంలో ఇల్లుంటే ప్రయాణ ఖర్చు దాదాపు ఉండదు. పైడిభీమవరం పారిశ్రామికవాడ పక్కనే కొంటే ఇంకా మిగులుతుంది కదా అంటారు. కొనేముందు రాత్రిపూట రెండు మూడుసార్లు వెళ్లి గాలి ఎలా ఉందో, చుట్టుపక్కల బోరు నీళ్లు ఎలా ఉన్నాయో చూసి రావాలి. పగలు చూసిన వాడ, రాత్రి చూసిన వాడ ఒకేలా ఉండవు.

ఇంట్లో ఆడవాళ్లు బస్సులో ఉద్యోగానికి వెళ్లేవారైతే ఇంకో లెక్క ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా వాళ్లకు ఛార్జీ లేదు. నాన్‌స్టాప్‌కు అది వర్తించదు. కాబట్టి ఇంటి దగ్గర స్టాపులో ఎక్స్‌ప్రెస్ ఆగుతుందా లేదా అన్నదాన్నిబట్టి నెలకు రెండు మూడు వేలు తేడా రావచ్చు.

హైవే పక్క లే అవుట్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పదహారో నంబరు జాతీయ రహదారి మీద ‘రోడ్డుకు 200 మీటర్లే’ అని బోర్డు కనిపిస్తుంది. ఆ 200 మీటర్లు రోడ్డుకు ఏ వైపున? విశాఖ వైపు నుంచి వచ్చేవాడు అవతలి పక్కకు ఎక్కడ తిరగాలి? అండర్‌పాస్ రెండు కిలోమీటర్ల ముందుంటే జనం సర్వీసు రోడ్డు మీద ఎదురు దారిన బళ్లు నడుపుతారు, ప్రమాదాలు ఎక్కువగా జరిగేవి అక్కడే. స్థలం చూడటానికి ఏజెంటు కారులో వెళ్తే ఇదేమీ తెలియదు. పిల్లలు తమ బండి మీద, ఆఫీసు వేళకు, ఒక్కళ్లే వెళ్లి రావాలి. కారుంటే టోలు గేటు ఇంటికీ పనికీ మధ్యలో పడుతుందేమో చూసుకోవాలి. గేటుకు 20 కిలోమీటర్ల లోపు ఉండేవారి సొంత కార్లకు నెల పాసు ఇస్తారు. ఇల్లు ఆ లోపలికి వస్తుందో లేదో ముందే కనుక్కోవచ్చు.

ఇక నీళ్లు, వానలు. ఉత్తరాంధ్రలో ఇల్లు చూడాల్సిన నెల అక్టోబరు. హుద్‌హుద్ తీరం దాటింది 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. పైడితల్లమ్మ సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం కాబట్టి పండగకు వచ్చే ప్రవాసులు అదే ప్రయాణంలో రెండు రోజులు ఇళ్లు చూడటానికి పెట్టుకోవచ్చు. వాన వెలిసిన మర్నాడు వెళ్లండి. పక్కింటి ప్రహరీ గోడ కింది భాగాన నీళ్లు నిలిచిన చార ఎంత ఎత్తున ఉందో కొలవండి. ‘తుపానుకు కరెంటు ఎన్ని రోజులు లేదు, వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి’ అని ఏజెంటును కాకుండా వీధి చివర కిరాణా కొట్టువాళ్లను అడగండి. శ్రీకాకుళంలో నాగావళి కరకట్ట దగ్గరి పేటల్లో ఇల్లు చవగ్గా వస్తే ఆ చవక ఎందుకో నదిలో నీళ్లు పెరిగిన రోజున తెలుస్తుంది. విజయనగరం చుట్టూ చెరువులు, గెడ్డలు (వాగులు) ఎక్కువ. వేసవిలో ఎండిపోయి కనిపించే గెడ్డ ఒడ్డున వేసిన లే అవుట్లు వానకాలంలో గెడ్డలోనే ఉంటాయి.

పల్లపు పొలాన్ని మట్టి పోసి ఎత్తు చేసిన స్థలాలు చూడటానికి బాగుంటాయి. ఖర్చు మాత్రం తర్వాత బయటపడుతుంది. 150 గజాలంటే 1,350 చదరపు అడుగులు. మూడు అడుగులు ఎత్తు చేయాలంటే 4,050 ఘనపుటడుగులు, యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు కాబట్టి 40 యూనిట్ల మట్టి. మట్టి దిగుతుంది కాబట్టి 45 నుంచి 50 యూనిట్లు తోలించక తప్పదు. అప్పటికే అమ్మకందారు మట్టి పోసేసి ఉంటే పునాది గొయ్యి ఆ మట్టి దాటి అసలు నేలలోకి వెళ్లాలి. పోసిన మట్టిలోనే పునాది ఆపేస్తే రెండు మూడు వానలకు గోడలు పగుళ్లు తీస్తాయి. పక్కన ఇల్లు కడుతున్నవాళ్లుంటే గొయ్యి ఎన్ని అడుగులు తీశారో అడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. మెట్ట మీద, గరువు మీద ఉన్న స్థలానికి గజానికి నాలుగు వందలు ఎక్కువ పెట్టినా 150 గజాలకు 60,000. మట్టి, పునాది ఖర్చుతో సరిపోల్చుకుని చూడండి.

తాగునీటికి మే నెలలో ఏం చేస్తున్నారని అడగాలి. కొళాయి ఎన్ని రోజులకోసారి వస్తుంది, ట్యాంకరు కొనాల్సి వస్తోందా, బోరు ఎన్ని అడుగులు వేశారు? తీరానికి దగ్గరగా పూసపాటిరేగ, భోగాపురం వైపు బోరు నీటిని పరీక్ష చేయించకుండా కొనకూడదు. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే నీరు లేని చోట 2,000 వరకు భారత ప్రమాణం అనుమతిస్తుంది. ఫ్లోరైడు 1, గరిష్ఠంగా 1.5. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలల్లో ఈ పరీక్షలు చేస్తారు. కిడ్నీ జబ్బుల ఉద్దానాన్ని చూసిన ప్రాంతంలో నీటి సంగతి ఎవరికీ ప్రత్యేకించి చెప్పనక్కర్లేదు.

కాగితాల దగ్గర తల్లిదండ్రుల సాయం నిజంగా పనికొస్తుంది. పిల్లలకు ఉద్యోగంతో తీరిక ఉండదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగడం వాళ్లకు కొత్త. మనకు పాత కాగితం చదవడం తెలుసు. ఇక్కడి భూములకు జమీందారీ గతం ఉంది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే చాలా ఊళ్లలో రైతుకు పట్టా వచ్చింది. ఊరి పేరులో అగ్రహారం ఉంటే అది ఒకప్పటి ఇనాం భూమి అయ్యే అవకాశం ఎక్కువ, 1956 ఇనాం రద్దు చట్టం కింద పట్టా ఎవరికి వచ్చిందో ఆ కాగితం అడగాలి. దేవస్థానాల, సత్రాల, ట్రస్టుల భూములూ ఎక్కువే. మనకు కావలసింది జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి. డి-పట్టా, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి ఎంత చవగ్గా వచ్చినా 1977 చట్టం ప్రకారం ఆ అమ్మకం సాధారణంగా చెల్లదు. శృంగవరపుకోట (ఎస్.కోట) దాటి అరకు దారిలో ఏజెన్సీ మొదలయ్యాక గిరిజన భూముల 1/70 చట్టం వర్తిస్తుంది, గిరిజనేతరులకు భూమి బదిలీయే కుదరదు.

చూడాల్సిన వరస ఇది. ముందు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషను చేయకూడని భూముల జాబితా) ఆ సర్వే నంబరు ఉందేమో చూడాలి. తర్వాత మీభూమి వెబ్‌సైటులో భూమి రికార్డులైన అడంగల్, 1-బి. ఆ తర్వాత ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ధ్రువపత్రం. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఈ ఈసీ దగ్గరే. ఉదాహరణకు, అమ్మకందారు చేతికిచ్చిన ఈసీ 45/2ఏ అనే సబ్ డివిజన్ నంబరు మీద తీసి ఉంటుంది. విభజనకు ముందు అదే భూమి 45/2గా తాకట్టులో ఉంటే అది ఇందులో కనిపించదు. కాబట్టి మూల నంబరు మీదా, సబ్ డివిజన్ మీదా రెండూ తీయించాలి. రీసర్వే అయిన గ్రామాల్లో సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చింది. అక్కడ పాత నంబరుకూ కొత్త నంబరుకూ విడివిడిగా చూడాలి. కనీసం 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు పరిచి, ఒక దస్తావేజు హద్దులు తర్వాతి దానితో కలుస్తున్నాయా అని వేలు పెట్టి చదవాలి. తూర్పున ‘గెడ్డ’ అని ఉన్న హద్దు తర్వాతి దస్తావేజులో ‘రోడ్డు’ అయిందంటే ఆ గెడ్డ ఎక్కడికి పోయిందో అడిగి తీరాలి.

‘పంచాయతీ అప్రూవల్ ఉంది’ అన్న మాటకు లొంగవద్దు. లే అవుట్‌కు పట్టణాభివృద్ధి సంస్థ లేదా టౌన్ ప్లానింగు శాఖ అనుమతి కావాలి. దానికో ఎల్‌పీ (లే అవుట్ అనుమతి) నంబరు ఉంటుంది. ఆ నంబరుతో ఆఫీసుకు వెళ్లి, ప్లానులో మనం కొనే ప్లాటు పార్కుకు వదిలిన 10 శాతంలో లేదని, తనఖాలో పెట్టిన ప్లాట్లలో లేదని కళ్లారా చూసుకోవాలి. అనుమతి లేని స్థలానికి ఇంటి ప్లాను రాదు, ప్లాను లేనిదే బ్యాంకు అప్పు రాదు, చివరికి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాల్సి వస్తుంది. అది ఏడాదికి 24 శాతం.

ప్రవాసులకు ఇంకో చిక్కుంది. ఎన్నారై గానీ ఓసీఐ కార్డుదారు గానీ ఇల్లు, ఇంటి స్థలం కొనవచ్చు, వ్యవసాయ భూమి కొనకూడదు. గజాల్లో కొలిచి అమ్మినా రికార్డులో అది ఇంకా పొలంగానే ఉంటే కొన్నది పొలమే. తల్లో తండ్రో ఉమ్మడి పేరుతో దస్తావేజులోకి ఎక్కితే ఆ తలనొప్పి పిల్లలకూ చుట్టుకుంటుంది. అందుకే పేరు పిల్లలదీ వాళ్ల జీవిత భాగస్వామిదీ ఉంటే చాలు. అమ్మేవారు విదేశాల్లో ఉండి పవర్ ఆఫ్ అటార్నీ మీద అమ్ముతుంటే, అది కాన్సులేటులో ధ్రువీకరించినదా, భారతదేశానికి చేరిన మూడు నెలల్లో స్టాంపు కట్టారా, ఇచ్చినవారు ఇప్పటికీ జీవించి ఉన్నారా అని మూడూ చూడాలి. అలాంటి అమ్మకానికి కొనేవారు ధరలోంచి కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను (టీడీఎస్) ఒక శాతమే అన్న నిబంధన వర్తించదు, కోత ఎక్కువ. డబ్బు కట్టేముందే ఆడిటరును అడగాలి.

ఫ్లాటు అయితే మార్కెట్లో చెప్పే అడుగులు వేరు, గోడల మధ్య నిజంగా వాడుకునే కార్పెట్ ఏరియా వేరు. దస్తావేజులో అవిభాజ్య వాటా (స్థలంలో మన వంతు) ఎన్ని గజాలో రాయించుకోవాలి. 500 చదరపు మీటర్లకు, అంటే సుమారు 598 గజాలకు మించని స్థలంలోని కట్టడాలకు, అలాగే ఎనిమిది ఫ్లాట్లు మించని వాటికి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు తప్పనిసరి కాదు. మన పట్టణాల్లో చిన్న అపార్ట్‌మెంట్లు చాలావరకు అలాంటివే. వాటిలో కొనేముందు మున్సిపాలిటీ ఆమోదించిన ప్లానులో ఎన్ని అంతస్తులున్నాయో, కళ్లముందు ఎన్ని లేచాయో లెక్కపెట్టడం మన పనే. రెరా నమోదు ఉన్న చోట రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే బాగుచేయాలి.

చేతిలో ఎంత ఉండాలి? 30 లక్షల ఫ్లాటుకు బ్యాంకు 90 శాతం దాకా, అంటే 27 లక్షలు ఇవ్వవచ్చు. మిగిలిన 3 లక్షలు, స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులు 7.5 శాతం చొప్పున 2 లక్షల 25 వేలు మనవే. ఫ్యాన్లు, గ్రిల్లులు, వంటగది అరలు, మీటరు, లీగల్ ఫీజు కలిపితే ఆరున్నర, ఏడు లక్షలు చేతిలో లేనిదే దిగకూడదు. దస్తావేజులో తక్కువ ధర రాసి మిగతాది నగదుగా ఇవ్వమంటే ఒప్పుకోవద్దు. అప్పు ఆ తక్కువ ధర మీదే వస్తుంది. ఆస్తి లావాదేవీలో 20,000, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం.

నిర్ణయం ఎవరిదన్న దగ్గర మా మాట సూటిగా చెబుతాం. కాగితాల్లో దోషం ఉన్నా, నీళ్లు నిలిచే చోటైనా తల్లిదండ్రులు వద్దని గట్టిగా చెప్పవచ్చు. ఆ రెండూ దాటాక ఎంపిక పిల్లలదే. ‘మనవాళ్లు ఉన్న వీధి’ అని కులాన్ని చూసి ప్రాంతం ఎంచడం ఇప్పటికీ జరుగుతోంది. దానివల్ల పిల్లలకు దొరకాల్సిన మంచి ఇళ్లలో సగం అసలు జాబితాలోకే రావు. వాస్తు కూడా అంతే. దక్షిణ ముఖం స్థలం ధర తక్కువ, మళ్లీ అమ్మినప్పుడూ తక్కువే వస్తుంది. అది తెలిసి కొంటే తప్పేమీ లేదు, నిర్ణయించుకోవాల్సింది అందులో కాపురం ఉండేవాళ్లు. వీలైతే ఆ ప్రాంతంలో ఏడాది అద్దెకు ఉండి చూడమనండి. ఒక వేసవి, ఒక వానకాలం గడిస్తే ఏ ఏజెంటూ చెప్పని సంగతులు తెలుస్తాయి.

ఇచ్చే డబ్బు బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు పంపి, బహుమతి అని ఒక పేజీ పత్రం రాసి సంతకం పెట్టండి. కన్నవారు ఇచ్చిన డబ్బు మీద పిల్లలకు భారతదేశంలో ఆదాయపు పన్ను లేదు. అప్పు పోను మన చేతినుంచి పెట్టే మార్జిన్ డబ్బు ఎక్కడిదని బ్యాంకు అడిగితే ఆ పత్రం చాలు. అమెరికాలో ఉన్నవారు ఒక్కొక్కరు ఒక బిడ్డకు ఏడాదిలో 19,000 డాలర్లు (2025 పరిమితి) దాటి ఇస్తే అక్కడి బహుమతి పన్ను ఫారం 709 దాఖలు చేయాలి. ఇంకో కొడుకో కూతురో ఉంటే ఈ బహుమతి సంగతి వాళ్లకు రిజిస్ట్రేషనుకు ముందే చెప్పండి. వాళ్లకు ఎప్పుడు, ఎంత ఇస్తారో కూడా అదే పత్రంలో రెండు వరుసలు రాసి అందరికీ ఒక్కో కాపీ పంపండి.